ఐదు మూలల బోల్టు

మహబూబ్ బాషా రెండో పంక్చరు వేస్తుండగా దీవెనమ్మ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. ఆయన ట్యూబును నీళ్లలో ముంచి, బుడగ లేచిన చోట బొటనవేలు అదిమిపెట్టి, తలెత్తకుండానే "స్టాండేసి కూచోమ్మా" అన్నాడు. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కన, రేకుల కింద, ముప్పై ఆరేళ్లుగా వచ్చినవాళ్లందరికీ ఆయన చెప్పే మాట అదే. అరవై దాటాయి. మోకాళ్లు పట్టేశాయి. గోళ్ల సందుల్లో గ్రీజు పెళ్లినాడు కూడా వదల్లేదని భార్య ఖాతూన్‌బీ ఇప్పటికీ దెప్పుతుంది.

ఒకప్పుడు గంటల లెక్కన అద్దెకు తిప్పిన సైకిళ్లు ఇరవై రెండు ఉండేవి. ఇప్పుడు ఎవరి కింద చూసినా మోటారు బండే. పంక్చర్లు వేయడం, గాలి కొట్టడం తప్ప, బుర్రకు పనిపెట్టే కొత్త పని తగిలి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

తలెత్తి చూస్తే అది మన వైపు సైకిలే కాదు. సన్నగా, బూడిదరంగులో ఉంది. సీటేమో దీవెనమ్మ రొమ్ముల ఎత్తున ఉంది. ఆమె ఆ రోడ్డులోనే ఒక పల్లె బడిలో ఆయా. ఇరవై మూడేళ్లుగా ఇంటి నుంచి బడికి రోజూ మూడు మైళ్లు నడిచే మనిషి.

"కువైట్ నుంచి మా తమ్ముడు పంపించినాడన్నా. సీటు దించాల. జమ్మలమడుగులో ఇద్దరు చూసినారు. సీటు బిగించిన బోల్టు కోసేయాల్సిందేనంటాండారు."

"కోస్తే దాన్ని పట్టుకున్న పట్టీ కూడా పోతాది. అట్లాంటిది మళ్లీ యాడ దొరుకుతాది?"

"అందుకే నీ కాడికొచ్చినా. ఎక్కలేని సైకిలు నీకెందుకని మా ఆయన పులివెందులలో బేరం పెట్టినాడు. రేప్పొద్దున వచ్చి తీసకపోతారంట." మెల్లగా అంది. "బడి సైకిలు మీద తొక్కడం నేర్చుకున్నానన్నా. ఎవరికీ చెప్పల్యా."

బాషా వంగి చూశాడు. బోల్టు తల నున్నగా ఉంది. నడిమధ్య నక్షత్రం ఆకారంలో గుంట. ఆ గుంటలో మేకు మొనంత బుడిపె ఒకటి. పెట్టె మొత్తం కింద గుమ్మరించాడు. ఆరు మూలల తాళంచెవులు దూరలేదు. స్క్రూడ్రైవరు పెడితే బుడిపె అడ్డం. మధ్యాహ్నం దాకా ఆ బోల్టు ఆయన చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఒకసారి చెయ్యి ఉలి మీదికి పోయింది కూడా. దీవెనమ్మ ముఖం చూసి ఉలిని వెనక్కి పెట్టేశాడు.

పక్క కంసాలి కొట్టులో కమ్మలను లక్కలో బిగించుకుంటూ కంబగిరి ఆచారి ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు.

"ఏంది మామా, బోల్టుకు మంత్రమేస్తాండావా?"

"లోపల ఎట్లుందో కంటికి ఆనడంల్యా మామా. ఆనితే దానికి తాళంచెవి నేనే చేసుకుంటా."

ఆచారి లేచి వచ్చాడు. గుంటలో చుక్క నూనె రాసి, వేడి చేసిన లక్కను అదిమి, చల్లారినాక మెల్లగా లాగాడు. లక్క కొసన నక్షత్రం అచ్చంగా దిగింది.

ఇంక బాషాను పట్టడం ఎవరి తరం? పాత ఇరుసు ముక్కను బిగించి ఆకురాయి పట్టాడు. ఖాతూన్‌బీ పంపిన క్యారియరు మూత తీయలేదు. రెండు గంటలు అరగదీసి, నడుమ బుడిపెకు బెజ్జం వేసి, బోల్టులో పెడితే దూరలేదు. ఆచారి ఆ ముక్కను తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, మూలలు లెక్కపెట్టాడు. జోడు జారిపోయేదాకా నవ్వాడు.

"దానికి ఐదు మూలలుంటే నువ్వు ఆరు తీసినావు గదా మామా."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆరు మూలల నట్లు తిప్పిన చెయ్యి, దాని పని అది చేసుకుపోయింది. బాషా కూడా పడీపడీ నవ్వాడు. ఇంకో ముక్క బిగించాడు. ఈసారి దీవెనమ్మ ఎదురుగా కూచుని ఒక్కో మూలా లెక్కపెట్టింది. "ఐదు. ఇంక ఆపన్నా" అంది.

గట్టిపడాలని దాన్ని ఆచారి కుంపట్లో ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు. బోల్టులో పెట్టగానే ముక్క చక్కగా కూచుంది. బాషా ఊపిరి బిగబట్టి తిప్పాడు. టక్కుమని కదిలింది. సంతోషం పట్టలేక ఊరికే మీసం తుడుచుకున్నాడు.

సీటు నడుము కిందికి దిగింది. చేసిన తాళంచెవి ఆమె చేతిలోనే పెట్టాడు. దీవెనమ్మ చెంగు దోపుకుంది. పెడలు మీద జారుతున్నాయని చెప్పులు విడిచి, ఉత్త కాళ్లతో ఎక్కింది. బాషా పట్టేసిన మోకాళ్లతోనే సీటు పట్టుకుని పది అడుగులు వెంట నడిచి వదిలేశాడు. సైకిలు ఒకసారి వంకర పోయింది, తర్వాత తిన్నగా సాగింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"చెప్పులు మరిచిపోయింది, పిలువు మామా" అన్నాడు ఆచారి.

"వద్దులే. పిలిస్తే దిగాల్సొస్తాది."

రోడ్డు వారగా, మడమల దగ్గర కాగితమంత పలచగా అరిగి, తెగిన వారుకు పిన్నీసు గుచ్చిన ఆ చెప్పుల జత అట్లాగే ఉండిపోయింది.