నిండు గిన్నె

ముందు పాలు, ఆ పైన చిక్కటి డికాషన్, చివర సమోవార్ కాగు కొళాయి నుంచి మరిగే నీళ్లు. అన్నీ కలిపి సగం గిన్నె దాటకూడదు. జుపార్ కోడలిగా వచ్చిన మర్నాడే అత్తగారు నేర్పిన మొదటి పాఠం అది. "కొంచెం కొంచెం పొయ్యాలమ్మాయ్. మళ్లీ మళ్లీ పోస్తేనే మర్యాద. నిండా పోశావంటే, తాగేసి దయచెయ్యండి అని చెప్పినట్టే. మా పరువు నీ చేతిలో ఉంది మరి." ఎనిమిదేళ్లుగా ఆ పరువును సమోవార్ పక్కన మోకాలు ముడుచుకు కూర్చుని మోస్తూనే ఉంది. ఎవరికి పాలెక్కువ కావాలో, ఎవరికి డికాషన్ ఎక్కువ కావాలో ఆమెకు కంఠతా వచ్చు. ఆమెకు ఎలాంటి టీ ఇష్టమో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఈ మధ్యాహ్నం బావగారు, తోడికోడలు రౌశన్ వచ్చారు. ఒక గొర్రెను, అత్తగారికి మంచి శాలువాను తెచ్చారు. ఊరికే రాలేదని గుమ్మంలోనే అర్థమైంది. వచ్చినప్పటి నుంచి జుపార్ కూతురు, ఏడు నెలల ఇంజును రౌశన్ ఒళ్లోంచి దింపలేదు.

"పెళ్లై పన్నెండేళ్లు. దానికి ఒక్క నలుసూ లేదు," అంది అత్తగారు. "పాపను పరాయివాళ్లకి ఇమ్మంటున్నానా? మీ ఆయన సొంత అన్నకేగా! నీకింకా పుడతారే."

"నాదేముందమ్మా, నువ్వెలా అంటే అలా," అన్నాడు దౌరెన్, వేయించిన రొట్టె తుంచుకుంటూ. భార్య వైపు చూడలేదు.

పెద్దవాడు అల్దియార్ పుట్టినప్పుడూ ఇదే మాట అన్నాడు. వాళ్ల ఆచారంలో తొలిచూలు బిడ్డ నాయనమ్మ, తాతలదే. నలభై రోజులు దాటగానే ఉయ్యాల అత్తగారి గదిలోకి వెళ్లిపోయింది. పాలివ్వడానికి మాత్రం పిలిచేవారు. "అయిందిగా, ఇక లే. ఎక్కువ మాలిమి చెయ్యకు." వాడికిప్పుడు ఆరేళ్లు. నాయనమ్మను అమ్మ అంటాడు, తండ్రిని అన్నయ్య అంటాడు, కన్నతల్లిని వదినా అంటాడు. ఆ పిలుపు మొదటిసారి విన్న రోజు పశువుల పాకలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "వాడేం అడవిలో ఉన్నాడా? పక్క గదిలోనేగా," అని నవ్వాడు దౌరెన్. పక్క గది ఎంత దూరమో అతనికేం తెలుసు?

రౌశన్ మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. ఈ అత్తగారే ఆమెను నలుగురిలో గొడ్రాలని ఎన్నిసార్లు అనలేదు! పాప వేళ్లను ఒక్కొక్కటే నిమురుతోంది రౌశన్. పాపం, అనిపించింది జుపార్‌కు. కానీ ఆ పాపం పేరు చెప్పి బిడ్డను ఇచ్చేస్తే తనకు మిగిలేది ఈ సమోవారే.

"సరే, దీవించేస్తాను. సాయంత్రం తీసుకెళ్లండి," అంది అత్తగారు సర్దుకు కూర్చుంటూ.

జుపార్ అత్తగారి గిన్నె అందుకుంది. పెద్దావిడ రెండు అరచేతులూ చాచి దీవించి, వాటిని మొహం మీదుగా దించుకుందంటే అంతే, మాట ఖాయం. ఆ తర్వాత నోరెత్తిన కోడలు ఆ ఊళ్లో లేదు.

అత్తగారి చేతులు లేచాయి. జుపార్ పాలు పోసింది, డికాషన్ పోసింది, కొళాయి తిప్పి అలాగే ఉంచింది. సగం దాటింది. ముప్పాతిక దాటింది. అంచు దాకా వచ్చాక కట్టేసి, ఆ గిన్నెను అత్తగారి అరచేతుల్లో పెట్టింది.

పట్టుకోక తప్పలేదు. రెండు చేతులా పట్టుకుంటే తప్ప ఒలికేలా ఉంది. ఇక దీవించడానికి చేతులేవీ?

"చెయ్యి జారిందా ఏమిటే?"

"లేదత్తయ్యా. చూసే పోశాను."

దౌరెన్ నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది. బావగారు టోపీ కోసం తడుముకున్నాడు. అందరికన్నా ముందు అర్థమైంది రౌశన్‌కే. కళ్లనీళ్లు పెట్టుకుని, ఇంజును తెచ్చి తల్లి ఒళ్లో పడుకోబెట్టింది. జుపార్ ఆమె చేతిని ఒక్క క్షణం గట్టిగా పట్టుకుంది.

"వదినా, మరి నాకో?" అన్నాడు నాయనమ్మ పక్కన కూర్చున్న అల్దియార్, తన గిన్నె చాపి.

దాంట్లో పాలెక్కువ వేసి, సగమే పోసింది.

"వదిన కాదు నాన్నా," అంది అందరికీ వినబడేలా. "అమ్మ."