అడిగింది నన్ను కాదు

ఇలా రా తల్లీ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి ఈ దుప్పటి రెండో కొస పట్టుకో. ఒక్కదాన్నే మడతపెడితే కుక్కలు చింపిన విస్తరి చేసేస్తాను. పట్టుకున్నావా? చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే కదా, వాటిలో ఒక సంగతి వేస్తాను. నా పొట్ట మీద ఆ మచ్చలేమిటని చిన్నప్పుడు అడిగితే పిల్లి గీరిందని చెప్పాను. ఇప్పుడు నువ్వు ఉద్యోగం చేసే పిల్లవి. పిల్లి కథలు నమ్మే వయసు దాటిపోయింది.

మీ అమ్మ చిన్న బడిలో చదువుకునే రోజుల్లో నా పిత్తాశయంలో రాయి ఉందన్నారు. పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు పొట్ట కోసి తీశాడు. ఆ రాయిని సీసాలో వేసి ఇస్తే, ఇంటికొచ్చిన వాళ్లందరికీ మీ తాతయ్య ఎత్తి చూపించేవాడు, తనే కన్నట్టు.

రాయి పోయింది గానీ నొప్పి పోలేదు. మొదట్లో కుట్ల నొప్పి అనుకున్నాను. కుట్లు మానాక కూడా లోపల ఎవరో పట్టుకుని లాగుతున్నట్టే ఉండేది. వంగి ఇల్లు తుడిస్తే కళ్లు బైర్లు కమ్మేవి. మా అత్తగారితో చెబితే, "కోత పడ్డాక నొప్పి కాక సుఖముంటుందా? మేం పొద్దున కని సాయంత్రం నీళ్లు మోశాం" అనేవారు. మరిదయితే, నేను వడ్డించిన అన్నమే తింటూ, "మా వదినది పని వేళకొచ్చే నొప్పి" అని నవ్వేవాడు. అప్పట్లో నేను చొక్కాలు కుట్టే కంపెనీలో కాలర్ల దగ్గర కూర్చునేదాన్ని. పొట్టకి తువ్వాలు బిగించి కట్టుకుని మిషను తొక్కేదాన్ని. ఆగి ఊపిరి తీసుకుంటే చాలు, సూపర్‌వైజరు వచ్చి నిలబడేవాడు. "ఏంటమ్మా, ఇది కంపెనీయా, మీ పుట్టిల్లా?"

అలాగని డాక్టరుకి చూపించలేదా అంటే, చూపించాం. రమ్మన్నప్పుడల్లా వెళ్లాం. ఆ గదిలో డాక్టరుకి ఎదురుగా ఒక కుర్చీ, గోడవారగా ఒక కుర్చీ ఉండేవి. ఎదురుగా మీ తాతయ్య కూర్చునేవాడు. గోడవారన నేను. డాక్టరు తల ఎత్తకుండా, "ఏమండీ, ఎలా ఉంది?" అనేవాడు.

"బాగానే ఉందండీ. పనులన్నీ చేసుకుంటోంది" అనేవాడు మీ తాతయ్య.

అబద్ధమాడాలని కాదు. ఆయన దృష్టిలో వేళకి వంట అయిందంటే నా ఒంట్లో బాగున్నట్టే. ఒకసారి ఉండబట్టలేక, "లోపల లాగుతోందండీ" అన్నాను. ఆయన నవ్వి, "దీనికి కాస్త భయమెక్కువండీ" అన్నాడు. డాక్టరూ నవ్వాడు. వాళ్లిద్దరూ నవ్వేశాక ఇక నా మాట ఎక్కడ నిలబడుతుంది? ఆ పూట కూడా బాగుందనే రాసుకున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం మిషను మీదే ఒరిగిపోయాను. నాతో పనిచేసే ఆడవాళ్లు దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి మోసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ నా మీదికి వంగి, "ఎక్కడమ్మా? వేలు పెట్టి చూపించు" అంది. అంత నొప్పికీ రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది. వేలు పెట్టి చూపించాను. స్కానింగ్ తీస్తే తేలింది. ఆపరేషన్లో రక్తం అద్దే గుడ్డ లోపలే మర్చిపోయి కుట్టేశారు. చుట్టూ చీము పట్టి అది పేగుకి అతుక్కుపోయింది. మళ్లీ కోసి, గుడ్డతో పాటు కొంత పేగు కూడా తీసేయాల్సి వచ్చింది.

నా పక్క మిషను ఆవిడ మంచం దగ్గర కూర్చుని, "మనం చొక్కాలో సూది మర్చిపోతే ఉద్యోగం పీకేస్తారు. మనిషిలో గుడ్డ మర్చిపోయినవాడిని డాక్టరుగారూ అంటారేమే!" అంది. కుట్లు లాగుతున్నా పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వు ఆగాక అనుకున్నాను, వీళ్లని ఊరికే వదలకూడదని.

కేసు వేస్తానంటే ఇంట్లో పిడుగు పడ్డట్టయింది.

"పొట్టేలు వెళ్లి కొండని ఢీకొంటుందా?" అన్నాడు మీ తాతయ్య.

"పొట్టేలుకి కొమ్ములున్నాయని కొండకి తెలియొద్దూ?" అన్నాను.

"కోర్టుకెళ్తే పోయిన పేగు మొలుస్తుందా వదినా?" అన్నాడు మరిది.

"నాది మొలవదు నాయనా. ఇంకొకరిది తెగకుండా ఉంటుందేమో."

లాయరమ్మని నేనే వెతుక్కున్నాను. కొన్నాళ్లకి ఆవిడ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "పెద్దాసుపత్రివాళ్లు ఆ గుడ్డ తమది కాదంటున్నారమ్మా. తమదే అయితే, వచ్చిన ప్రతిసారీ మీరు బాగున్నానని ఎందుకు చెప్పారని అడుగుతున్నారు."

"నేనా? నేనెప్పుడు చెప్పాను? అడిగింది నా గురించేనమ్మా. కానీ అడిగింది నన్ను కాదు."

ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. "ఈ మాట కోర్టులో చెప్పగలరా? చెబితే మీవారి మీదికి వస్తుంది. చెప్పకపోతే కేసు ఇక్కడితో ఆగిపోతుంది."

ఆ సాయంత్రం మీ తాతయ్యకి చెప్పాను. కంచం పక్కకి నెట్టాడు. "నలుగురిలో నన్ను వెధవని చేస్తావా?"

"జరిగింది చెబుతాను. దానివల్ల మీరు ఏమవుతారో నాకు తెలియదు."

ఈలోగా ఆసుపత్రి మేనేజరు ఇంటికొచ్చాడు. ముందుగదిలో కూర్చుని మీ తాతయ్యతో మంతనాలు. "మీ ఆవిడకి మీరే నచ్చజెప్పాలి సార్. ఎంతో కొంత ఇచ్చేస్తాం. తప్పు మాదని మాత్రం రాయం." ఈయన తల ఊపుతున్నాడు. నేను మంచినీళ్లు తెచ్చి పెట్టి అక్కడే నిలబడ్డాను.

"ఏమయ్యా, కడుపు నాది, బేరం ఆయనతోనా?"

"అది కాదమ్మా, ఇంటి పెద్ద కదా అని..."

"తప్పు మీదని రాసి పట్టుకురా. నేనే సంతకం పెడతాను. అంతవరకూ ఈ గుమ్మం తొక్కకు."

ఆ తర్వాత మీ తాతయ్య నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు. మాట్లాడని మనిషికి కూడా మూడు పూటలా వండాలిగా, వండాను. వాయిదా ఉన్న రోజున చీకటితోనే లేచి వంట ముగించి, కంపెనీకి సెలవు పెట్టి, తిట్లు తిని మరీ కోర్టుకి వెళ్లేదాన్ని. అలా తిరుగుతుండగానే మీ అమ్మ బడి ముగించి కాలేజీలో చేరింది.

చివరికి నన్ను బోనెక్కించారు. మీ తాతయ్య కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆసుపత్రి లాయరు అడిగాడు. "మీ ఎదుటే మీవారు బాగుందని చెప్పారా లేదా?"

"చెప్పారు."

"మరి భర్త మాట భార్య మాట కాదా అమ్మా?"

"అయ్యా, కోసేటప్పుడు ఆయన్ని కూడా బల్ల మీద పడుకోబెట్టారా?"

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు. "చెప్పండమ్మా" అన్నారు. చెప్పాను. "నొప్పని నేను నోరు తెరిచి అన్నాను. భయమెక్కువని ఈయన అన్నారు, డాక్టరుగారు నవ్వారు. రోగిని నేను. ఆ గదిలోనే ఉన్నాను. డాక్టరుగారు ఒక్కసారి తల ఎత్తితే కనిపించేదాన్ని."

తర్వాత మీ తాతయ్యని పిలిచారు. చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. "అవునండీ. తను ఇంట్లో రోజూ చెప్పేది. నేనే వినిపించుకోలేదు" అన్నాడు. ఆ మాటకి నా కోపమంతా పోలేదు. కొంత పోయింది.

గెలిచాం. తప్పు డాక్టరుదేనని తీర్పిచ్చారు. మాట్లాడగలిగిన రోగిని వదిలేసి పక్కవాళ్లని అడగడం పరీక్ష కాదని కూడా అందులో రాశారు. లాయరమ్మ చదివి వినిపించింది. ఆ ముక్క మళ్లీ చదవమన్నాను.

ఇంతవరకూ విన్నావు కదా, ఇప్పుడు అసలు మాట. రేపు నువ్వు చుట్టాల్లోకి వెళ్తే ఇదే కథ ఇంకోలా వినిపిస్తుంది. ఆ మరిదే, మీ చిన్నతాతయ్య, మీసం దువ్వుతూ చెబుతాడు. "మా అన్నయ్య ఎంత నిజాయితీపరుడు! బోనెక్కి తప్పు ఒప్పుకుని భార్యకి కేసు గెలిపించాడు!" అది అబద్ధమని నేననను. ఆ ఒక్క మాట అనడానికి ఆయన ఎంత నలిగాడో చూసినదాన్ని. కానీ నువ్వు అక్కడ ఊరుకోకు తల్లీ. ఎంత పెద్దవాళ్లు అడ్డొచ్చినా సరే, మొదటినుంచీ నేను చెప్పినట్టే చెప్పు. నీకో కూతురు పుడితే దానికీ చెప్పు. ఆయన సాక్షి. కేసు నాది.