మైలుతుత్తం పీపా

స్తెర్యోస్ చేసిన పని పగవాడు కూడా చెయ్యడు. పగవాడు పిలవగానే సాయానికి రాడు కదా! స్తెర్యోస్ బావమరిది, వచ్చాడు. అక్కడే అర్గిరిస్ కొంప మునిగింది.

అర్గిరిస్ రెండేళ్ళుగా సముద్రపు నీళ్ళ తొట్లలో రొయ్య జాతి నలుసుల్ని పెంచుతున్నాడు. చూడ్డానికి దుమ్ములా ఉంటాయి. సముద్రపు గుర్రాల పిల్లలు బతికున్న ఆ నలుసుల్ని తప్ప ఇంకేమీ ముట్టవు. థెస్సలోనికిలో ఆ గుర్రాల్ని పెంచి అమ్మే వ్యాపారి, పన్నెండు వారాలు వరసగా సరుకిస్తే ఏడాది పొడుగునా నీ దగ్గరే కొంటానన్నాడు. పదకొండు గడిచాయి. ఈ శనివారం ఒక్కటే మిగిలింది.

కాఫీ కొట్లో వేళాకోళానికి కొదవ లేదు. "ఏమోయ్ అర్గిరిస్, నీ పేలు ఈనాయా? పూటకెన్ని పాలిస్తున్నాయి?" అనేవాళ్ళు. ఆ మాటలన్నీ పడ్డాడు.

సోమవారం నడుం పట్టేసింది. మంచం మీంచే బావమరిదికి చెప్పాడు. "రేవు గట్టు చివరికెళ్ళి ఈ రెండు తెల్ల డబ్బాల్తో నీళ్ళు పట్టుకురా. పెద్ద తొట్టిలో పొయ్యి. మిగతావాటి జోలికెళ్ళకు."

బుధవారం పొద్దున గోడ పట్టుకుని లేచి, తొట్టి అద్దానికి దీపం ఆనించి చూశాడు. రోజూ వెలుగు వైపు పొగలా ఎగబడే నలుసుల్లో ఒక్కటీ కదల్లేదు. అడుగున తెల్లటి పిండి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. విత్తనానికని దాచుకున్న నాలుగోదీ అంతే.

"ఒరేయ్! నీళ్ళు దేంతో తెచ్చావురా?"

"ఆ డబ్బాల్తో ఎన్నిసార్లు తిరగను బావా? తోటలో పీపా ఉందిగా, ట్రాక్టరు మీద ఒక్క దెబ్బకి తెచ్చేశా. ఒకదానికే పోస్తే మిగతావి అలుగుతాయని నాలుగింటికీ సమానంగా పోశా."

"మందు కొట్టే పీపానా?"

"మూడుసార్లు కడిగాను, మేరీమాత మీద ఒట్టు!"

పీపా వాకిట్లోనే ఉంది. మూత కింద నీలం చార. ద్రాక్షకి బూజు పట్టకుండా కొట్టే మైలుతుత్తం. అందులో ఉండేది రాగి. రవ్వంత చాలు, నలుసుల వంశం మిగలదు. అద్దాల అతుకుల్లోకీ రాళ్ళలోకీ దిగిన రాగి ఎంత కడిగినా పోదు. ఆ తొట్లిక పనికిరావు.

"వాడేమన్నా కావాలని చేశాడా?" అంది పెళ్ళాం దోమ్నా. "నాలుగు పేలు చచ్చాయని నా తమ్ముణ్ణి ఉరి తీస్తావా?"

"నువ్వు కూడా పేలనే అంటున్నావా?"

అర్గిరిస్ వ్యాపారికి ఫోన్ చేసి, శనివారం సరుకు రాదని చెప్పాడు. అవతలి మనిషి విసుక్కోను కూడా లేదు. "సరే, ఇంకొకణ్ణి చూసుకుంటాలే" అని పెట్టేశాడు.

స్తెర్యోస్ గుమ్మంలో నిలబడి టోపీ నలుపుతున్నాడు. "సాయంత్రం తోటకి మందు కొట్టాలి. పీపా తీసుకెళ్ళనా బావా?"

పీపా పిడికి చుట్టిన తీగ అర్గిరిస్ చేత్తో చుట్టిందే. తొట్ల కోసం తోట వీడికే అమ్మినప్పుడు పీపా కూడా ఊరికే ఇచ్చేశాడు.

"తీసుకెళ్ళు. నీదేగా."

అర్గిరిస్ వాళ్ళ నాన్న నాటిన తోట. ఆరున్నర స్ట్రెమ్మాలు, అంటే ఎకరంన్నర పైనే, బావితో సహా.