మేజరు గారికి ఒక టిన్ను నీళ్ళు

మా ఊళ్ళో దొరకి నీళ్ళు పోస్తారు. నవంబరులో సమాధుల పండగ నాడు క్యాథలిక్కులమైన మేం మావాళ్ళ గోరీలకి సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి, చివరికి మేజర్ విల్మాట్ గోరీ దగ్గర చేరతాం. అప్పటికి హిందువులూ వచ్చేస్తారు. ఇంటికో బిందె నీళ్ళు గోరీ మీద పోసి, కాలవకి నీళ్ళు వదలమని అడుగుతారు. డెల్టాలో చచ్చిన ప్రతి తెల్లవాడూ కాలవ తవ్వించినవాడేనని మావాళ్ళ నమ్మకం.

నేను విజయవాడలో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. ఈ తంతు చూసి ఒళ్ళు మండి ఆ దొర సంగతంతా తవ్వాను. మీసాలైనా రాని వయసులో ఆఫీసరుగా మద్రాసులో ఓడ దిగాడు. బర్మా యుద్ధంలో కాలికి గుండు తగిలించుకుని కెప్టెన్ అయ్యాడు. కరువొచ్చిన ఏడు బందరులో ధాన్యం కొట్లకి కాపలా పెడితే, గింజల కోసం వచ్చిన జనాన్ని కాల్పించాడు. దానికి మెచ్చి మేజర్ని చేశారు. తరవాత ఏదో పని మీద పోతూ మా ఊళ్ళో జ్వరమొచ్చి పోయాడు. కాలవ తవ్వింది ఆ తరవాతెప్పుడో.

ఈసారి మైకులో ఇదంతా బయటపెట్టేద్దామనే బయల్దేరాను. చల్లపల్లిలో బస్సు దిగి ఆటో ఎక్కితే దారి పొడుగునా కాలవ అడుగే కనిపించింది. మాది కాలవ చిట్టచివరి ఊరు. మా నాన్న ఏసుపాదం కౌలుకి చేస్తున్న వరి చేను పొట్ట మీదుంది, ఆకులు చుట్టుకుపోయాయి. ఈ వారం తడి అందకపోతే వచ్చేవి తాలు గింజలే.

ఇంటి ముందు నాన్న మంచినీళ్ళ టిన్ను సైకిలుకి కడుతున్నాడు. తాగడానికి ట్యాంకరు దగ్గర పట్టుకొచ్చిన నీళ్ళవి. ఆగలేక అక్కడే అంతా చెప్పేశాను.

"కాల్చింది మనోళ్ళనేనా?" అన్నాడు.

"మనవాళ్ళనే నాన్నా."

టిన్ను చుట్టూ తాడు బిగించి ముడేశాడు. "చదివినదానివి, అబద్ధమెందుకు చెప్తావులే. ఇంజనీరుగారి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగామమ్మా. ఎమ్మెల్యేగారింటికెళ్తే ఊళ్ళో లేరన్నారు. కలెక్టరుగారు కాయితం తీసుకున్నారు. ఇంకెవరున్నారో నువ్వు చెప్పు, ఆళ్ళ దగ్గరికే పోదాం."

తెలిసినవాళ్ళందరినీ తలుచుకున్నాను. తూము తిప్పించగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

గోరీ దగ్గర నీటి సంఘం పెద్ద రామకోటేశ్వరరావు గారు, "దొరగారి గురించి మన క్రిస్టినా మేడం చెప్తారండీ" అని మైకు నా చేతికిచ్చారు. ఎదురుగా బిందెలు, వాటి పక్కన ఎండిపోయిన మొహాలు. ఓడ దిగడం చెప్పాను, బర్మా చెప్పాను. బందరు దగ్గరికొచ్చేసరికి మైకు దించేశాను. నాకు గొంతు పట్టేసిందనుకుని ఆయనే మైకందుకుని, "ఆ తరవాత మన కాలవ తవ్వించారండీ" అని ముగించేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

టిన్ను ఎత్తలేక నాన్న నన్ను ఓ చెయ్యి వెయ్యమన్నాడు. వేశాను. తాగాల్సిన నీళ్ళు గోరీ మీంచి జారి మట్టిలోకి ఇంకిపోయాయి.

"నువ్వూ అడుగమ్మా" అన్నాడు నాన్న.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా, గింజలడిగితే కాల్పించిన ఆ మనిషికి చేతులు జోడించి, "ఒక్క తడి ఇప్పించండి దొరగారూ" అన్నాను.