పసుపు మింగిన తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. బీరువాకో ఇనప్పెట్టెకో పనికొచ్చే చెవిని కాను. నా పొడవు మీ బొటనవేలంత. ఒక చివర రేకు నోరు, రెండో చివర ఆవగింజంత ఎర్రదీపం. కంప్యూటర్ పక్కనున్న కంతలో నన్ను దూర్చితేనే చీరల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, తీసేస్తే మూసుకుంటుంది. అమ్మేవాళ్ళు నన్ను డాంగిల్ అన్నారు. ధర్మవరంలో నేను చేరిన ఇంట్లో మాత్రం బీగంచెవి అన్నారు. నాకు ఆ పేరే నచ్చింది. తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఇంట్లో పెత్తనం వాళ్ళదే కదా.

నేను పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. నాతోపాటు అచ్చం నాలాంటివే వేలకొద్దీ పుట్టాయి. అయినా ఒక్కొక్కరి కడుపులో ఒక్కో అంకె రాశారు. నా అంకె ఈ లోకంలో ఇంకెవరికీ లేదు. మనుషులు గోత్రం చెప్పుకుని మురిసిపోతారే, ఆ గోత్రాన్ని వేలమంది పంచుకుంటారు. నాది అలాంటిది కాదని అప్పుడే కొంచెం తల ఎగరేశాను.

ఆ ఎగిరిన తల బెంగుళూరులో దిగింది. అక్కడ ఒక అమ్మకాల ఆఫీసు సొరుగులో ఆరునెలలు పడివున్నాను. నేత ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు సాఫ్ట్‌వేర్ పనితనం చూసి నోరు తెరిచేవారు, ధర విని ఆ నోరు మూసుకుని మజ్జిగ తాగి వెళ్ళిపోయేవారు. ఖరీదైనదాన్నని గర్వపడటం తేలికే. ఎవరూ కొనని ఖరీదు దేనికని సొరుగులో పడుకున్నప్పుడు తెలిసింది.

ఇంతలో చిన్న పరిశ్రమలవాళ్ళు ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటే ఖరీదులో పెద్ద భాగం తానే భరిస్తానని ప్రభుత్వం ఒక రాయితీ పెట్టింది. ఆ మాట ధర్మవరంలో మొదట చెవిన వేసుకున్నది నాగవేణి. గ్రాఫు చౌడప్ప కూతురు.

గ్రాఫు చౌడప్ప ఎవరో తెలియాలంటే ముందు గ్రాఫు అంటే ఏమిటో తెలియాలి. పట్టుచీర కొంగు మీద హంస కూర్చోవాలంటే అది ముందు గళ్ళ కాగితం మీద కూర్చోవాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళను చూస్తూ అట్టలకు చిల్లులు గుద్దుతారు. ఆ అట్టల వరసను మగ్గం మీదున్న జాకార్డుకు తగిలిస్తే, చిల్లున్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. అలా లేస్తూ పడుకుంటూ హంస తయారవుతుంది. ఆ గళ్ళు నింపే పనిలో చౌడప్పకు యాభై ఏళ్ళ పేరు. నేతగాళ్ళు కొంగును చేత్తో తడిమి, "ఇది చౌడప్ప మామ చెయ్యి" అని చెప్పగలిగేవారు. ఆయనకు అన్నం లేకపోయినా ఆ మాట వింటే కడుపు నిండేది.

అలాంటి చేతికి అరవైఏడో ఏట కళ్ళు సాయం మానేశాయి. ఒక పెళ్ళిచీర గ్రాఫులో ఒక వరస గళ్ళు పక్కకు జరిగాయి. మగ్గం నేసే వన్నూరప్ప రెండు మూరలు నేశాక చూస్తే, కొంగు మీదున్న హంసలన్నింటికీ మెడలు విరిగివున్నాయి. మగ్గం తప్పు చెప్పదు, చెప్పింది చేస్తుంది. వన్నూరప్ప నేసినదంతా విప్పుకున్నాడు. అట్టలు తప్పుగా గుద్దారనుకుని ఊరుకున్నాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. అట్టలు గుద్దేది నాగవేణి. ఆ నింద ఆమె మాట్లాడకుండా నెత్తిన వేసుకుంది. ఆ నెలలోనే రాయితీకి దరఖాస్తు రాసింది.

దరఖాస్తు మీద యజమానిగా చౌడప్ప సంతకం. ఆ సంతకానికి సాక్షి సంతకం, సాక్షి మనిషేనని చెప్పే కాగితం, ఆ కాగితానికి నకలు. ఎనభై గడపలు ఎక్కిదిగితే గానీ నేను ఒక్క గడప దాటలేకపోయాను. చివరికి ధర్మవరం చేరాను. ఆ ఇంటి ముందుగదిలో నాగవేణి నన్ను కంతలో పెట్టిన క్షణం నా ఎర్రదీపం వెలిగింది. నా జన్మకు అర్థం అప్పుడు తెలిసింది. నాగవేణి మొదటివారమే హంసను గీసింది. పదిరోజుల పని ఒక పూటలో అయింది. మెడ నిటారుగా ఉంది. ఆమె దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, తిప్పి తిప్పి చూసుకుంటుంటే నేనే గీసినంత పొంగిపోయాను.

ఇక మనుషుల విచిత్రం వినండి. చౌడప్ప ఆ హంసను చూశాడు, బాగుందన్నాడు, ప్రింటు పెద్దగా తీయించాడు. తర్వాత దాన్ని బల్లమీద పెట్టుకుని, భూతద్దం పట్టుకుని, ఒక్కో గడీ చూస్తూ వేరే గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. నేతగాళ్ళు వచ్చేసరికి ఆయన బోర్డు ముందు కూర్చుని కుంచె పట్టుకుని ఉండేవాడు. కంప్యూటర్ మీద పూలగుడ్డ కప్పివుండేది. పని తప్పించడానికి నన్ను తెచ్చుకుని, ఒకే పనిని రెండుసార్లు చేసుకున్న ఇల్లు ఇదొక్కటే అయివుంటుంది. నాగవేణి అడ్డు చెప్పలేదు. తల్లి ఓబుళమ్మ ఒకసారి అడిగింది, "ఇదేం పని పాపా, బిడ్డ చేసింది తండ్రి కాపీ కొట్టేది" అని. "నాయన చెయ్యి అని వస్తారుమా వాళ్ళు. ఉండనీ" అంది నాగవేణి. నాకు మాత్రం ఒళ్ళు మండేది. దీపం వెలిగించడం తప్ప నేను చేయగలిగింది లేదు కనుక వెలిగించి ఊరుకున్నాను.

అలా రెండేళ్ళు నడిచింది. రాయితీకి ఒక షరతుంది. రెండేళ్ళు నిజంగా వాడినట్టు అధికారి కళ్ళారా చూసి రాయాలి. వాడలేదని తేలితే ఇచ్చింది వెనక్కి కట్టాలి. కట్టే స్తోమత ఈ ఇంటికి లేదు కాబట్టి నేను మళ్ళీ సొరుగుకు పోతాను, నాగవేణి మళ్ళీ ఒకరి గ్రాఫుకు అట్టలు గుద్దుకోవాలి. తనిఖీ దసరా వెళ్ళిన రెండోరోజు పడింది.

దసరాకు ఈ వీధిలో ఏ పనిముట్టూ పని చేయదు. మగ్గాలు, పోగు విసిరే నాడెలు, అట్టలు గుద్దే మిషను, అన్నీ కడిగించుకుని, పసుపు కుంకుమ పెట్టించుకుని, కొబ్బరికాయ కొట్టించుకుని హాయిగా కూర్చుంటాయి. ఆయుధపూజ రోజున ఓబుళమ్మ పసుపు గిన్నె పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. కంప్యూటర్‌కు బొట్టు పెట్టింది, కీబోర్డుకు పెట్టింది, మౌస్ అనే ఎలుకకు కూడా పెట్టింది. ఇంతింత పెద్దవాటికి పెట్టి, అసలైన బీగంచెవిని వదిలేస్తే పాపం తగులుతుందనుకుంది కాబోలు. నన్ను కంతలోంచి పీకి, నాలుగు వేళ్ళతో ముద్ద పసుపు తీసి, తలనుంచి నోటిదాకా మందంగా పట్టించింది. కుంకుమ అద్దింది. దండం పెట్టుకుని పూజ పళ్ళెంలో పెట్టింది. ఇంత గౌరవం నాకు ఎవరూ చేయలేదు. గౌరవం గొంతులో అడ్డం పడటమంటే ఏమిటో కూడా ఆ రోజే తెలిసింది. పసుపు నా నోట్లో నిండి, రెండు రోజుల్లో గట్టిగా ఎండిపోయింది.

అధికారి జయచంద్ర ఉదయం పదింటికి వచ్చాడు. చెడ్డమనిషి కాదు. పది ఊళ్ళు తిరిగి విసిగినవాడు. రాయితీ మీద తీసుకున్న మిషన్లు అద్దాల బీరువాల్లో కొత్తపెళ్ళికూతుళ్ళలా కూర్చునివుండటం చూసి చూసి, బొట్టు పెట్టిన మిషను కనబడితే చాలు, వాడని మిషనని ఖాయం చేసుకునే అలవాటు పడ్డాడు. ఇక్కడ కంప్యూటర్‌కు మూడు బొట్లున్నాయి. అదే సమయానికి వన్నూరప్ప, ఇంకో ఇద్దరు నేతగాళ్ళు కొత్త అట్టలకోసం వచ్చి గడప దగ్గర నిలబడ్డారు.

నాగవేణి పైపైన పసుపు తుడిచి నన్ను కంతలో పెట్టింది. నా దీపం వెలగలేదు. తాళంచెవి దొరకలేదని తెరమీద వచ్చింది. తీసి పెట్టింది. మళ్ళీ అదే మాట. ఉన్నాను మొర్రో అని అరవాల్సిన సమయానికి నా నోటినిండా పసుపు.

"మొన్నటిదాకా బాగుండె సార్" అంది నాగవేణి.

"అందరూ ఇదే చెబుతారమ్మా" అన్నాడు జయచంద్ర. చౌడప్ప బల్ల వైపు తిరిగాడు. బోర్డు మీద సగం రంగు వేసిన గ్రాఫు, పక్కన ఇంకా తడి ఆరని కుంచె. "చౌడప్పగారూ, మీ చేతిపని గొప్పగా ఉంది. నేను కాదనను. కానీ పని చేత్తోనే జరుగుతోందని నా కళ్ళకు కనబడుతోంది. వాడనిచోట ఉంటే ఇది వాడేవాళ్ళకు అందకుండా పోతుంది. నేను అలాగే రాయాలి." ఫైలు తెరిచి కలం మూత తీశాడు.

నాగవేణి తండ్రి వైపు చూడలేదు. చూస్తే ఆయనను అడిగినట్టవుతుందని చూడలేదు. చౌడప్ప మాత్రం గడప దగ్గరున్న నేతగాళ్ళను చూశాడు, బోర్డును చూశాడు, కుంచెను నీళ్ళ గ్లాసులో పెట్టి లేచి నిలబడ్డాడు.

"రాసే ముందు నా మాటొకటి ఇనండి సార్. ఈ బోర్డు మీదుండేది నేను గీసింది కాదు. గీసిందాన్ని చూసి దించుకుంటి, అంతే. నాకు గళ్ళు కనపడక రెండేండ్లాయె. కొంగులు, అంచులు, అన్నీ మా పాప ఆ కంప్యూటర్లో చేసినవే. పేరు మాత్రం నాది పెట్టుకుంటి. ఈ మగ్గాలోళ్ళంతా నా చెయ్యి అని వస్తారు, చెయ్యి పోయిందంటే రారేమో అని భయపడితి. హంసల మెడలిరిగింది గూడా నా గ్రాఫు తప్పే, మా పాప అట్టల తప్పు కాదు. మీరు ఆ బీగంచెవి తీసకపోతే నాదేం పోదు సార్. పోయేది ఆ పాప పని."

యాభై ఏళ్ళ పేరును ఒక మనిషి చేజేతులా కిందపెట్టడం చూశాను. లోహంతో చేసినదాన్నే గానీ, ఆ క్షణంలో నాకు కన్నీళ్ళుండే చోటేదైనా ఉంటే బాగుండుననిపించింది.

వన్నూరప్ప చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "మామా, ఇది మాకు తెల్సు" అన్నాడు. "నువ్వు మెడ తప్పు గీసినప్పుడే నీ కండ్లు పోతాండాయని అనుకుంటిమి. ఆ మళ్ళ ఒక్క గడి తప్పు రాకపోయె. పోయిన కండ్లు యాడనుంచి తిరిగొస్తాయి? చేస్తాండేది పాపే అని మూడో చీరకే తెలిసె. నువ్వు బాధపడతావని మేమెవురూ నోరు తెరవలే."

అంటే తండ్రి నేతగాళ్ళకు తెలియకూడదని దాచాడు. కూతురు తండ్రికోసం దాచింది. నేతగాళ్ళు ఇద్దరికోసం దాచారు. ఆ గదిలో సంగతి తెలియనివాడు అధికారి ఒక్కడే. ఆయన కలం పట్టుకున్న చేయి అలాగే గాలిలో ఉంది. "సరే. అమ్మా, నువ్వు చేసినవి ఎలాగైనా చూపగలవా" అన్నాడు కొంచెం మెత్తగా.

నాగవేణి నన్ను పీకి వెలుతురులో పట్టుకుని నోట్లోకి చూసింది. ఆ తర్వాత తల్లి వైపు చూసింది. ఓబుళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పసుపు పెడితే చెడిపోయే వస్తువు లోకంలో ఉంటాదని నాకెట్ల తెలుస్తాది" అంది. నాగవేణి పిన్నీసుతో పసుపు పెళ్ళలు పెళ్ళలుగా గీకి, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచింది. కంతలో పెట్టింది.

వెలిగాను. అంత గట్టిగా అంతకుముందెన్నడూ వెలగలేదు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, రెండేళ్ళ డిజైన్లు తేదీలతోసహా వరసగా దిగుతూ వచ్చాయి. హంసలు, మామిడిపిందెలు, గండభేరుండాలు, రుద్రాక్ష అంచులు. అవి అయిపోతాయని జయచంద్ర చూస్తున్నాడు, అవి అయిపోవడం లేదు. "ఇది మా మగ్గం మీదుండే కొంగు" అని వన్నూరప్ప తెరమీద వేలు పెట్టాడు. వేలిముద్ర పడిందని నాగవేణి విసుక్కుని తుడిచింది. జయచంద్ర రాశాడు. ఏం రాశాడో నాకు కనబడలేదు గానీ, మరుసటి నెలలో ఇంకో మూడు ఊళ్ళనుంచి నేతగాళ్ళను వెంటబెట్టుకుని ఈ ఇంటికే వచ్చాడు.

చౌడప్ప ఆ రోజు తర్వాత కుంచె పట్టలేదు. కూతురి వెనకాల కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ హంస తోక కొంచెం లేపు, ఆ ఆకు నడుము సన్నం చెయ్ అని చెప్పేవాడు. కళ్ళు పోయినా ఆయన చూపు పోలేదు. ఇద్దరి మధ్యా నేను వెలుగుతూ ఆరేళ్ళు పనిచేశాను. ఆ ఆరేళ్ళలో ధర్మవరం చీర కట్టుకుని పెళ్ళిపీట మీద కూర్చున్నవాళ్ళెంతమందో. వాళ్ళలో కొందరి కొంగుల్లో నా వంతు కూడా ఉంది. దీన్ని గర్వమంటే అనండి.

తర్వాత సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చింది. దానికి తాళంచెవి అక్కర్లేదు, ఇంటర్నెట్‌లో పేరు చెబితే చాలు. సామాను మార్చడానికి వచ్చినతను నన్ను చెత్తడబ్బా వైపు విసరబోతే చౌడప్ప చేయి చాచి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచి నా నివాసం అదే. పొడుం డబ్బా, కళ్ళజోడు, నేను.

నిరుడు చేనేత సంఘం హాల్లో ఒక సభ జరిగింది. రాయితీతో సాఫ్ట్‌వేర్ ఎలా తీసుకోవాలో, ఎలా వాడాలో నేతగాళ్ళకు చెప్పడానికి నాగవేణిని పిలిచారు. చౌడప్ప ముందు వరసలో కూర్చున్నాడు. జేబులోంచి నాకు వేదిక కనబడలేదు, ఆమె గొంతు మాత్రం వినబడింది. ఎక్కడా తడబడలేదు. అయిపోయాక చప్పట్లు మోగుతుంటే, కొత్తగా వచ్చిన ఒక అధికారి వంగి ఈయనను పలకరించాడు. "మీరూ ఈ పనిలోవారేనా పెద్దాయనా? మీ పేరు?"

పదిమందిలో ఎప్పుడు అడిగినా గ్రాఫు చౌడప్ప అని ఛాతీ విరుచుకుని చెప్పుకున్న మనిషి. ఆ పేరు చెబితే ఆ హాల్లో సగంమంది లేచి నిలబడతారని ఆయనకు తెలుసు. జేబుమీద చేయి వేసుకున్నాడు. ఆ చేతికింద ఆయన గుండె నాకు బాగా దగ్గరగా కొట్టుకుంటోంది.

"నేను నాగవేణి నాయన్ను సార్" అన్నాడు.