ఆర్డిస్ మాటు

నా భార్య ఆర్డిస్‌ను జింకల వేట మొదలయ్యే శనివారం నాడు పూడ్చిపెట్టాం. సోమవారానికి మార్చుకోమని పాస్టరు ముందే చెప్పాడు. విస్కాన్సిన్‌లో ఆ శనివారం ఎవరూ పెళ్లి పెట్టుకోరు, చావు కూడా పెట్టుకోరు. నేను వినలేదు. ఆమె కోసం వస్తారనుకున్నాను. శవపేటిక మోయడానికి ఆరుగురు కావాలి. నలుగురు వచ్చారు. మిగిలిన రెండు పిడుల్లో ఒకటి పాస్టరు పట్టుకున్నాడు, రెండోది శవం బండి నడిపేవాడు పట్టుకున్నాడు. చర్చి కింది గదిలో ఆడవాళ్లు హ్యామ్ శాండ్‌విచ్‌లు చేసి పెడితే సగానికి పైగా మిగిలిపోయాయి. గోతిలో మట్టి వేస్తున్నంతసేపూ గట్ల మీద తుపాకులు పేలుతూనే ఉన్నాయి.

ఆర్డిస్ బతికి ఉండి, చచ్చింది వేరే ఎవరైనా అయితే ఆమె కూడా గట్టు మీదే ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా వాళ్లను క్షమించలేదు.

రానివాళ్లలో కర్ట్ బ్రెక్కె ఒకడు. మా పక్క పొలం లేలండ్ కొడుకు. వాడికి తుపాకి పట్టుకోవడం నేర్పింది ఆర్డిస్. చిన్నప్పుడు వాడు సొంత ఇంట్లో కన్నా మా వంటింట్లోనే ఎక్కువ తిన్నాడు.

మా అడవి ఒక గట్టు మీదికి ఎక్కుతుంది. పైన రెండు గుట్టల మధ్య పల్లపు సందు ఉంది. లోయలో పడుకున్న జింకలు మొక్కజొన్న చేలకు ఆ సందులోంచే దాటతాయి. అక్కడ కూర్చుంటే వాయవ్యం గాలి ముఖానికి కొడుతుంది. మన వాసన వెనక్కి పోతుంది, జింకల దారిలోకి పోదు. పొద్దుటి సూర్యుడు వీపు మీద ఉంటాడు, కళ్లలో పడడు. అలాంటి చోటు ఆ గట్టు మొత్తంలో ఇంకోటి లేదు. దాన్ని కనిపెట్టింది ఆర్డిస్. మూడు శరత్కాలాలు ఓక్ చెట్టుకు వీపు ఆనించి నేల మీదే కూర్చుంది. అప్పుడు గానీ లోపల పొంచి కూర్చునేందుకు పెట్టె లాంటి చిన్న గది కట్టమని అడగలేదు.

నేను కట్టాను. ప్లైవుడ్ గోడలు, రేకు కప్పు, మూడు వైపులా జరిపే కిటికీలు. ట్రాక్టరుతో లాగడానికి అడుగున రెండు ఓక్ దూలాలు. బూటు కదిలినా చప్పుడు రాకూడదని ఆమె మా ముందు గదిలోని పాత తివాచీని కోసి లోపల నేలకు అంటించింది. కిటికీ గాడులకు ఏటా మైనం రుద్దేది.

మా వైపు వేటకు పొంచి కూర్చునే చోటును మాటు అంటాం, ప్రతి మాటుకూ ఒక మనిషి పేరు ఉంటుంది. ఎవరు ఎక్కువ కాలం కూర్చుంటే వాళ్ల పేరే. మనిషి పోయినా పేరు పోదు. లేలండ్ తాత మాటు అని ఇప్పటికీ అంటారు. అక్కడ చెక్క ముక్క కూడా మిగల్లేదు.

ఆమె పోయాక ఆ పెట్టెలో నేను కూర్చున్నాను. నాకు మిగిలిన చోటు అదొక్కటే. ఇంట్లో ఆమె లేదు. సమాధి దగ్గర ఎప్పుడూ లేదు. అక్కడ మాత్రం, ఆ తివాచీ మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, కాసేపు ఊపిరి ఆడేది.

మొన్న సెప్టెంబరులో కర్ట్ వచ్చాడు. లేలండ్ పోయాక పొలం వాడిది. ట్రక్కు దిగలేదు, అద్దం దించాడు.

"బాబాయ్, సర్వేయర్ వచ్చి వెళ్లాడు."

"చూశాను. చెట్లకు గులాబి రిబ్బన్లు కట్టాడు. పెళ్లేమో అనుకున్నా."

"కంచె హద్దు మీద లేదంట. బండలు అడ్డమొచ్చాయని మా తాతలు పక్కకు తిప్పారంట. అసలు హద్దు మీ వైపుకి నలభై అడుగులు దిగుతుంది."

"అయితే పెట్టె నీ నేల మీద ఉంది."

"ఉంటే ఉండనీ. తియ్యమని నేననలేదు కదా. ఏటా వేట ముందు నన్ను ఒక మాట అడుగు, సరేనంటాను. నా నేల మీద ఎవరు కూర్చుంటున్నారో నాకు తెలిసుండాలని బీమావాడు అన్నాడు. అంతకు మించి ఏం లేదు."

"నిన్ను అడగాలి."

"నన్నే మరి. గవర్నర్ని అడుగుతావా?" నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మధ్యలో ఆపేశాడు.

"ఒకసారి అడిగాను నిన్ను," అన్నాను. "శవపేటికకు ఒక చెయ్యి వెయ్యమని."

వాడు స్టీరింగు మీద ఉన్న తన చేతులు చూసుకున్నాడు. "తప్పే, బాబాయ్. తెల్లారాక దిగి వచ్చేద్దామనే అనుకున్నా. ఈలోపు నేను కొట్టిన జింక ఒకటి దెబ్బ తిని పారిపోయింది. వదిలెయ్యలేం కదా. పిన్నే నేర్పింది అది. రక్తం జాడ పట్టుకుని పోయేసరికి అక్కడ అంతా అయిపోయింది."

"దొరికిందా?"

"దొరికింది."

"సంతోషం. పెట్టె తీసేస్తాను."

"బాబాయ్, నేను అనేది ఏంటంటే..."

నేను ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

తీసేస్తానని అన్నానే గానీ చేతులు రాలేదు. కొత్త వస్తువు కనిపిస్తే జింకలు నెల రోజులైనా దాని దగ్గరికి రావు. పెట్టె కదిపేవాడు సెప్టెంబరులోనే కదపాలి. నేను ఆకులు రాలిపోయేదాకా కదపలేదు. చివరికి ఆర్డిస్ తమ్ముడు వెండెల్ తన ట్రాక్టరు తెచ్చాడు. శవపేటిక మోయడానికి వచ్చిన నలుగురిలో వెండెల్ ఒకడు. అందుకే వాడితో మాట్లాడతాను.

గొలుసు తగిలిస్తూ వెండెల్ నన్ను వదల్లేదు. "ఒక్క మాట, బావా. 'కర్ట్, కూర్చోనా?' అంతే. నోరు అరిగిపోదు."

"అరుగుతుంది."

"అరిగితే ఊరికి మంచిది. అక్క ఎలా భరించిందో."

"భరించలేకే పోయింది. లాగు."

లాగాడు. ఒక దూలం అడుగున పుచ్చిపోయి ఉంది. వాలులో సగం దిగాక పుటుక్కున విరిగింది. పెట్టె పక్కకు ఒరిగి ఒక కిటికీ అద్దం పగిలింది. ఎత్తి, దూలం కింద ఇంకో దుంగ కట్టి, మళ్లీ లాగాం. పైన పెట్టె ఉన్న చోట గడ్డి మొలవని నాలుగు మూలల మట్టి కనిపించింది. నేను వెనక్కి చూడకుండా ఉండాల్సింది.

నా నేలలో దాన్ని పెట్టడానికి చదునైన చోటు కింద పల్లంలో ఉంది. ఇంకెక్కడా లేదు. మట్టం చూసి, ఒక మూల కింద రాయి వేసి, నాలుగు వైపులా ఇనుప మేకులు కొట్టి తీగతో బిగించాం. ఓక్ కొమ్మలు నరికి గోడలకు ఆనించాం. అంతా అయ్యాక వెండెల్ జేబులోంచి జిల్లేడు దూది పోచ ఒకటి తీసి గాలిలోకి వదిలాడు. అది కొంచెం పైకి లేచింది, పెట్టె చుట్టూ తిరిగింది, వచ్చి వాడి గడ్డానికే అంటుకుంది.

"గాలి ఇక్కడ సుడి తిరుగుతోంది, బావా."

"చూశాను."

"నీ వాసన నాలుగు దిక్కులకీ పోతుంది. చర్చి గంట కొట్టినట్టే."

"చూశానన్నాను కదా."

వేట మొదటి రోజు చీకటితోనే వెళ్లి కూర్చున్నాను. పగిలిన కిటికీకి అట్టముక్క మేకులతో కొట్టి ఉంది. పలచగా మంచు పడింది. వెలుగు వచ్చాక ఒక ఆడ జింక, దాని వెనక ఇంకోటి, వాలు దిగుతూ కనిపించాయి. మొదటిది ఆగింది. ముక్కు ఎత్తింది. కాలు నేలకేసి కొట్టి, బుస్సుమని, తెల్ల తోక ఎత్తి పోయింది. రెండోది దాని వెంటే పోయింది. ఆ తరువాత పిట్ట కూడా రాలేదు. తివాచీ మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. అదే తివాచీ. ఏమీ లేదు అందులో.

కాసేపటికి గట్టు మీద ఒక తుపాకి పేలింది. ఒక్కసారే. సందు దగ్గర. చెవులకు ఆ చోటు తెలుసు.

చాలాసేపటికి వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు కోటు ఒకటి వాలు దిగి వచ్చింది. కర్ట్ అనుకున్నాను. దగ్గరికొస్తే వెండెల్. మోచేతుల దాకా రక్తం.

"ఎనిమిది కొనల కొమ్ములు, బావా. నా జన్మలో ఇంత పెద్దది కొట్టలేదు."

"ఎక్కడ?"

"ఆర్డిస్ మాటు దగ్గర."

అని నా ముఖం చూశాడు. మాట వెనక్కి తీసుకోవాలని ఉంది గానీ ఎలాగో వాడికి తెలియలేదు.

"కర్ట్ రమ్మన్నాడు," అన్నాడు. "వాడు అక్కడ ఏమీ పెట్టలేదు, బావా. ఇక ముందు కూడా ఏమీ కట్టడంట. నువ్వూ నేనూ తప్ప అక్కడ ఎవర్నీ కూర్చోనివ్వడంట. అక్క కూర్చున్న ఓక్ చెట్టుకే ఆనుకుని కూర్చున్నా."

"ఆర్డిస్ మాటు ఇది." గోడ మీద అరచేత్తో కొట్టాను.

వెండెల్ పెట్టెను పైనుంచి కిందికి చూశాడు. అట్టముక్కను, కట్టిన దుంగను, ఎండిపోయిన కొమ్మలను.

"ఇది పెట్టె, బావా."

వాడు చేతులకు మంచు రుద్దుకున్నాడు.

"లాగడానికి రా. నా నడుము సంగతి తెలుసుగా. పైన కర్ట్ ఒక్కడే ఉన్నాడు. నువ్వు వస్తే ముగ్గురం. వాడు నీకోసం ఫ్లాస్కులో కాఫీ కూడా తెచ్చాడు, వెధవ."

మా వైపు జింకను లాగమంటే శత్రువైనా వస్తాడు. రానివాణ్ణి నేను చూడలేదు. కిటికీ జరిపాను. ఆర్డిస్ మైనం రుద్దిన గాడి. చప్పుడు లేకుండా మూసుకుంది.

వెండెల్ కొంతసేపు అక్కడే నిలబడ్డాడు. గోడ అవతల వాడి ఊపిరి వినిపించింది. తరువాత మంచులో అడుగులు పైకి వెళ్లిపోయాయి.

వాళ్లిద్దరూ జింకను నా నేల మీద నుంచి లాగలేదు. కర్ట్ వైపు నుంచి, చుట్టు తిరిగి, దూరపు దారిలో లాగారు. అడుగడుగునా ఆగుతున్న గొంతులు వినిపించాయి. మధ్యలో వెండెల్ ఒకసారి నడుము పట్టుకుని మూలిగాడు. నేను కదల్లేదు.

క్రిస్మస్ ముందు వాడు సాసేజీల పొట్లం ఒకటి గుమ్మంలో పెట్టిపోయాడు. తలుపు తట్టలేదు. ఆ పొట్లం నేను తీయలేదు. నీలి పిట్టలు కాగితం చించి తిన్నాయి.

కిరసనాయిలు కోసం పెట్రోలు బంకుకు వెళ్లాను. గల్లా దగ్గర ఇద్దరు వెండెల్ కొట్టిన జింక గురించి మాట్లాడుకుంటున్నారు.

"ఎక్కడ కొట్టాడంట?"

"ఆర్డిస్ మాటు దగ్గర."

"ఓ, అక్కడైతే దొరుకుతుంది."

అంతే, ఇంకేమీ అడగలేదు. ఎవరి నేలో, ఏ హద్దో ఎవరికీ పట్టలేదు. గల్లావాడు నా డబ్బా మూత బిగించి ఇస్తూ పలకరించాడు.

"నువ్వెక్కడ కూర్చున్నావ్, ఎల్‌రాయ్, ఈసారి?"

"కింద. పల్లంలో."

"అక్కడ మాటు ఉందా? ఎవరిది?"

ఎవరిదీ కాదని చెప్పి డబ్బా అందుకున్నాను.