బాలింతలు మొక్కే మట్టిదిబ్బ

ఆదివారం వచ్చిందంటే లలితకుమారికి రెండిళ్ల చాకిరీ. సుచిత్ర చౌరస్తా దగ్గరి అద్దెవాటాలో వంట, బట్టలు, అత్తగారి కాళ్లకు నూనె అయ్యాక, భర్త స్కూటరెక్కి శామీర్‌పేట దాటి, లాల్‌గడి మలక్‌పేట్ పక్కన కొనుక్కున్న ఖాళీ ప్లాటు కూడా ఊడ్చి రావాలి. ఖాళీ ప్లాటును ఊడవడమేమిటని అడుగుతారు కదూ. దాని మధ్యలో ఒక మట్టిదిబ్బ ఉంది. ఎవరో దాని మీద పసుపు, కుంకుమ, వక్కలు, నానబెట్టిన శనగలు పెట్టిపోతుంటారు. మొదటిసారి చూసినప్పుడు అత్తగారు సుశీలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "చేతబడిరా అబ్బాయ్. మనం బాగుపడటం చూడలేక ఇక్కడివాళ్లెవరో చేశారు" అని తేల్చేసింది. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో అకౌంటెంటుగా చేసే భర్త జయకృష్ణ స్కూటరు దిగకుండానే, "లలితా, నువ్వు ఊడ్చెయ్. ముత్తైదువవి, పసుపు కుంకుమలు నిన్నేం చేస్తాయి" అన్నాడు. చేతబడి ఇంటిల్లిపాదికీ, చీపురు మాత్రం ఆవిడకి. న్యాయమంటే అలా ఉండాలి.

ఏడాదిగా ఆ దిబ్బ ఆవిడ గుండెల మీదే ఉంది. కూతురు అమూల్యకు జ్వరమొస్తే అదే గుర్తొచ్చేది. పాలు విరిగితే అదే. "సరిగ్గా ఊడవలేదేమో అమ్మాయ్, మూలల్లో మిగిలిపోయుంటుంది" అనేది అత్తగారు. దోషం పోవాలని మంగళవారాలు ఉపవాసం పెట్టించింది. ఉపవాసం ఉన్నరోజు కూడా మిగతా అందరికీ కూర, పప్పు, చారు తప్పలేదనుకోండి. ఎంత రుద్ది కడుక్కున్నా గోళ్ల సందుల్లో ఆ పసుపు ఉన్నట్టే అనిపించేది. ఆ చేత్తో పిల్లకు అన్నం కలపాలంటే భయమేసేది. ఈ మాట ఎవరితో అనగలదు? అంటే, "పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు" అని జయకృష్ణ పేపరు తిప్పేవాడు.

ఒక గురువారం ఇటుకలు దిగాయో లేదో చూసిరమ్మని భర్త పంపితే లలిత ఒక్కతే బస్సెక్కి వెళ్లింది. సోమవారం నుంచి ఇల్లు కట్టే పని మొదలు. దూరం నుంచే దిబ్బ దగ్గర మనుషులు కనబడ్డారు. వెనక్కి పరుగెత్తుదామనుకుంది. ఇటుకలు చూడకుండా వెళ్తే ఇంట్లో ఏమంటారోనని ముందుకే నడిచింది. ఒక ముసలామె, పక్కన ఓ చిన్నది, చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒడిలో నెల నిండని బిడ్డ. బాలింత.

అమూల్య పుట్టిన ఇరవయ్యొకటో రోజున తనూ ఇలాగే దూది పెట్టుకుని నిలబడింది. బాలింత చేత నూతికి పూజ చేయించి చేద వేయించాలంటే అద్దెవాటాలో నుయ్యి ఎక్కడిది? అత్తగారు బాత్రూమ్ కుళాయికే పసుపు రాయించింది. కొత్త తల్లి పసుపూ కుంకుమా పెట్టేది దేనికో తనకు తెలియదా? తెలిసీ ఏడాది పాటు ఎందుకు తోచలేదు?

"ఇక్కడ నుయ్యి ఉందా?" అని అడిగింది.

"ఏడికి పోయిందమ్మా, గీడనే ఉంది. నీ కాళ్ల కిందనే," అంది ముసలామె. పేరు సత్తమ్మ. "దిగుడుబాయి. ప్లాట్లు జేసినోళ్లు లారీలతోని మట్టి వోసి పూడ్సిండ్రు. గిది నా మన్మరాలు లత. మా ఊళ్లె బాలింతలందరు గీడికే వస్తరు. ఇంకేడికి తోల్కపోను?"

"ఎవరు తవ్వించారు?"

"ఎవలో దొర గాదు. మా అసొంటి ఆడిమనిషేనంట. బిడ్డ పురిట్ల పడ్డది, గీమె నీళ్లకు చెరువు దాంక పోయొచ్చేటాళ్లకు బిడ్డ పానం పోయిందంట. ఇగ ఇల్లిల్లు తిరిగి అడుక్కొని తవ్విపిచ్చింది. పేరు నాకెర్క లేదు. మా అవ్వక్కూడ ఎర్క లేకుండె."

సత్తమ్మ ముళ్లకంప పక్కకు లాగి ఒక రాతి అంచు చూపించింది. చేదతాళ్లు ఒరుసుకుని ఒరుసుకుని రాతిలో గాట్లు పడ్డాయి. లలిత వేలు పెడితే లోపలికి దిగిపోయింది. రాయి అరగాలంటే ఎంతమంది ఆడవాళ్లు, ఎన్ని పొద్దులు తోడి ఉండాలి? ఈ నగరాన్ని ఏ నవాబు కట్టించాడో బళ్లో చెప్పారు. వీళ్ల సంగతి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఆ అంచు దగ్గరే కూర్చుని ఆవిడ ఏడ్చింది. ఏడాది భయం ఒక్కసారిగా వదిలినందుకు ఏడ్చింది, సోమవారం గుర్తొచ్చి ఏడ్చింది.

ఆ సాయంత్రం వడ్డిస్తూ చెప్పింది. జయకృష్ణ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. నూతి మీద ప్లాటు గనకే చౌకగా ఇచ్చాడు. సోమవారం బండలు పోయించి గట్టి చేసేస్తాం. పురావస్తు శాఖవాళ్ల చెవిన పడితే ఇల్లూ ఉండదు, స్థలమూ ఉండదు. నోరు మూసుకుని ఉండు."

"మరి చేతబడి అని..."

"అమ్మ అంది. నువ్వు మారుమాట్లాడకుండా ఊడుస్తున్నావు. నేనెందుకు కాదనాలి? పెరుగెయ్యి."

వేసింది. కంచం పక్కన కూడా పడింది. పిల్ల జ్వరంలో మూలుగుతుంటే తను దిబ్బను తలుచుకుని చచ్చిపోతుంటే, ఈ మనిషికి అంతా తెలుసు. తెలిసి పక్కనే నిద్రపోయాడు. ఆవిడకు కోపం కంటే అసహ్యం ఎక్కువ కలిగింది.

అలాగని ఆ ఇల్లు తనకు వద్దా? కావాలి. కిటికీ ఉన్న వంటిల్లు కావాలి, ఓనరమ్మ నీళ్లు కట్టెయ్యని బాత్రూమ్ కావాలి. ప్లాటు రిజిస్ట్రేషనైతే లలిత పేరునే ఉంది. ప్రేమ పొంగి కాదు లెండి, ఆయన తమ్ముళ్లు వాటాకు రాకుండా. బీఈడీ చదువుతానన్నా, నాలుగు రోజులు పుట్టింటికి వెళ్తానన్నా, "నీ పేరున స్థలం కొన్నాను, ఇంకేం కావాలి" అనేవాడు. ఆదివారమంతా ఆవిడ అదే ఆలోచించింది. ఈ స్థలం పోతే ఈ జన్మకు మళ్లీ కొనలేరు. నీ వల్లే పోయిందన్న మాట జీవితాంతం వినాలి.

సోమవారం ఆయనకు ఆడిట్. "నువ్వెళ్లి నిలబడు. కూలీలకు టీ పొయ్యి" అని పంపాడు. టిప్పరు బండలతో సిద్ధంగా ఉంది.

"బండలు దించకండి," అంది మేస్త్రీ బాలమల్లుతో. అతనికి వినబడలేదు. మళ్లీ అంది. "మట్టి తియ్యండి. మెట్లు కనబడేదాకా."

"సార్ పూడ్సుమన్నడు గదమ్మా."

"నేను తియ్యమంటున్నాను."

మధ్యాహ్నానికి ఒక మెట్టు, దాని కింద ఇంకో మెట్టు బయటపడ్డాయి. ఊళ్లోంచి ఆడవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. పురావస్తు శాఖ ఆఫీసు ఎక్కడో, ఏ బస్సెక్కాలో, సాయంత్రం ఏ మొహంతో ఇంటికెళ్లాలో లలితకు తెలియదు. ఫ్లాస్కు గట్టిగా పట్టుకుని నిలబడింది. మేస్త్రీల చేతుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. బాలమల్లు పక్కకెళ్లి మాట్లాడి, ఫోను తెచ్చి ఆవిడకిచ్చాడు.

"ఎవర్నడిగి తవ్విస్తున్నావు?" జయకృష్ణ గొంతు.

"ప్లాటు ఎవరి పేరున ఉందో ఆవిణ్ణే అడిగానండీ. తవ్వించమంది."